ఎల్వీనా నిలబెట్టుకున్న మాట

శనివారం పొద్దున్న తొమ్మిదయ్యేసరికి వెబర్స్‌మిల్ ఊళ్ళో కారు ఆపుకోవడానికి చోటు దొరకదు. టొరాంటో నుంచి, హామిల్టన్ నుంచి జనం దిగుతారు. గుర్రబ్బండ్లకు ఫోటోలు తీసుకుంటారు, చీజు కొంటారు, చేతికుట్టు దుప్పట్లు బేరమాడి కొనకుండా వదిలేస్తారు. చివరికి అందరూ వచ్చి ఎల్వీనా షాంట్స్ కొట్టు ముందు వరసలో నిలబడతారు. ఆ శనివారం కూడా నిలబడ్డారు. గులాబీ రంగు కోటు వేసుకున్న ఒకావిడ, చిన్న గిన్నెలాంటి పిండి పెంకులో వెన్నపాకం పోసి కాల్చిన బటర్ టార్టు కొరికి, కళ్ళు మూసుకుని, "అబ్బ, బామ్మ చేతి వంటంటే ఇదండీ. ఆ బోర్డు మీదున్నది మీ బామ్మగారేనా?" అని అడిగింది.

"కాదండీ. కంపెనీవాళ్ళ బామ్మ," అంది ఎల్వీనా.

ఆవిడ అది హాస్యమనుకుని పకపకా నవ్వి, ఇంకో అరడజను కట్టించుకుని వెళ్ళిపోయింది. ఎల్వీనా హాస్యమాడలేదు. తలకి తెల్ల బోనెట్ టోపీ కట్టుకుని బోర్డు మీద నవ్వుతున్న హెస్టర్ బామ్మ ఈ భూమ్మీద ఎన్నడూ పుట్టలేదు. ఆవిడని పుట్టించింది మిస్సిసాగాలో ఒక ఆఫీసు. టార్టులు మంగళవారం, శుక్రవారం లారీలో గడ్డకట్టుకుని వస్తాయి. ఎల్వీనా చేసేదల్లా అట్టపెట్టె చింపి, వాటిని ఓవెన్‌లో పెట్టి, గంట మోగాక బయటికి తీయడం.

పదేళ్ళప్పటి నుంచి పందికొవ్వు కలిపి పిండి పిసికిన చేతులు అవి. అక్కడివాళ్ళు బటర్ టార్టులో ఎండుద్రాక్ష ఉండాలా వద్దా, లోపలి పాకం కారాలా నిలవాలా అని అన్నదమ్ములు సైతం మాట్లాడుకోవడం మానేసేంత పట్టుదలగా వాదించుకుంటారు. ఎల్వీనా చేసిన టార్టు నోట్లో పడితే ఆ వాదన కాసేపు ఆగుతుందని పేరు. అంతటి మనిషి తన కొట్లో తను చేసిన టార్టు అమ్మకూడదు. కొట్టు మూసేసి వెళ్ళిపోయినా, ఆ తర్వాత రెండేళ్ళ పాటు నలభై కిలోమీటర్ల లోపల ఎక్కడా అమ్మకూడదు. అలాగని సంతకం పెట్టింది.

"ఇష్టపడి సంతకం పెట్టింది కదా, ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం" అనుకుంటాం మనం. ఎదుటివాళ్ళ సంతకం గురించి మనకెప్పుడూ ఇంత తేలికే. ఆ సంతకం ఎలా పడిందో, పడ్డాక ఏం చేసిందో తెలుసుకుంటే ఆ తేలిక ఉండదు.

రెండేళ్ళ కిందట, ఏప్రిల్ మూడో తారీఖున, గ్లెన్ టారంట్ అనే అతను ఎల్వీనా వంటింట్లో కూర్చున్నాడు. గ్రానీ హెస్టర్స్ కంపెనీకి కొత్త కొట్లు వెతికిపెట్టడం అతని పని. గుమ్మంలోనే బూట్లు విప్పాడు. ఎల్వీనా మొగుడు మాలన్ భోజనానికి ముందు ప్రార్థన చేస్తుంటే తలవంచుకుని కూర్చున్నాడు. ఎల్వీనా చేసిన టార్టులు మూడు తిన్నాడు. మంచివాడిలా కనిపించడమే అతని ఉద్యోగం. ఆ ఉద్యోగం అతను బాగానే చేస్తాడు.

"మెయిన్ స్ట్రీట్‌లో పాత జీనుల కొట్టుంది చూశారా, అది కంపెనీ అద్దెకు తీసుకుంటుంది. మీకు ఫ్రాంచైజీ ఇస్తాం. మా పేరు, మీ చెయ్యి. ఈ చుట్టుపక్కల ఇంకో కొట్టు పెట్టం," అన్నాడు గ్లెన్.

"నా రూబార్బ్ టార్టులు కూడా అమ్ముకోవచ్చా?" అని అడిగింది ఎల్వీనా.

"చూద్దాం. మొదట కాళ్ళూననీయండి," అన్నాడతను. కాదనలేదు. ఆమె దాన్ని అవుననుకుంది.

ఒప్పందం దొంతర మీద అతను ఒక విడి కాగితం పెట్టాడు.

"అంటారియోలో ఓ చట్టముందండీ. సంతకానికి పద్నాలుగు రోజుల ముందు మీకో లావుపాటి పుస్తకం ఇవ్వాలంటుంది. కంపెనీ లెక్కలు, కోర్టు గొడవలు, మూతపడ్డ కొట్లు, వదిలేసి వెళ్ళిపోయినవాళ్ళ ఫోన్ నంబర్లు, అన్నీ అందులో ఉండాలట. నిద్రపట్టనివాళ్ళకి బాగా పనికొస్తుంది. ఈలోగా ఆ కొట్టు ఎవడో ఎగరేసుకుపోతాడు. అందుకని ఆ పుస్తకం అక్కర్లేదని ఇక్కడ రాసుంది. మీరు సంతకం పెడితే చాలు."

ఎల్వీనా చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు. రెండుసార్లు చదివింది. చట్టం నాకిచ్చిన హక్కులన్నీ తెలిసే వదులుకుంటున్నాను. ఒప్పందం రద్దు చేయమని అడగను. కోర్టుకు వెళ్ళను. తోటి కొట్లవాళ్ళతో చేరి కంపెనీ మీద ఫిర్యాదు చేయను. ఇంతే ఉంది.

కోర్టు మాట దగ్గర మాలన్ నవ్వాడు. "మా మెన్నొనైట్లు ఎలాగూ కోర్టుకెళ్ళరు కదండీ. ఆ ముక్కకి సిరా కూడా దండగ."

"మీవాళ్ళలో నాకు నచ్చేది అదేనండీ," అన్నాడు గ్లెన్. "వేరేవాళ్ళయితే సాక్షి సంతకాలు పెట్టించుకుంటాను. మీ దగ్గర నోటి మాట చాలు. ఎల్వీనా గారూ, ఈ కాగితానికి కట్టుబడి ఉంటారా?"

"ఉంటాను," అంది ఎల్వీనా. లేచి అతనితో చేతులు కలిపింది.

మెన్నొనైట్లు పాతకాలపు క్రైస్తవ శాఖవాళ్ళు, ఒట్టు వేయరు. న్యాయమూర్తి ఎదుట నిలబడినా ఒట్టు వేయమంటే వేయరు. ఎప్పుడూ నిజమే చెప్పేవాడికి ఒట్టుతో పనేమిటని వాళ్ళ నమ్మకం. ఐదు వందల ఏళ్ళుగా ఆ మాట కోసం జైళ్ళకి వెళ్ళారు, దేశాలు మారారు. అలాంటి మనుషుల నోటి నుంచి వచ్చిన మాట ఎంత బరువో గ్లెన్ టారంట్‌కి బాగా తెలుసు. ఆ బరువు కొలుచుకునే అతను ఆ ఇంటికి వచ్చాడు.

మొదటి కొన్ని వారాలూ ఎల్వీనా గడ్డకట్టిన టార్టులతో సర్దుకుపోయింది. ఆ వేసవిలో ఒక రోజు తన తోటలో కోసిన పుల్లటి రూబార్బ్ కాడలతో రెండు డజన్లు చేసి గాజు పెట్టెలో పెట్టింది. మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. సోమవారానికల్లా కంపెనీ నుంచి హెచ్చరిక వచ్చింది. ఇంకోసారి చేస్తే కొట్టు ఖాళీ చేయాలన్నారు. రెండో ఏడు మొదట్లో హైవే పక్కన పెద్ద సూపర్‌మార్కెట్ లోపల, నాలుగు కిలోమీటర్ల దూరంలో, హెస్టర్ బామ్మ బోర్డు ఇంకోటి వెలిసింది. టార్టులు అవే, కాస్త చవగ్గా.

ఆమె గ్లెన్‌కి ఫోన్ చేసింది. "చుట్టుపక్కల ఇంకో కొట్టు పెట్టం అన్నారు కదండీ."

"అది కొట్టు కాదండీ, అల్మారా. ఒప్పందంలో అల్మారా గురించి ఏమీ లేదు," అన్నాడతను. "ఫిర్యాదు చేస్తున్నారా ఏంటి? అలాంటివి చేయనని మాటిచ్చారు కదా."

ఎల్వీనా ఫోన్ పెట్టేసింది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. మోసపోయిన మనిషికి సిగ్గేమిటని మనకనిపిస్తుంది. మాటిచ్చి దాన్ని దాటబోయానని ఆమె సిగ్గుపడింది.

జనవరిలో, మోకాళ్ళ లోతు మంచులో, ఓడెట్ పచేకో వచ్చింది. కేంబ్రిడ్జ్ ఊళ్ళో హెస్టర్ బామ్మ కొట్టు నడిపే పోర్చుగీసు ఆవిడ. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. వస్తూనే కౌంటర్ మీద ఒక పెట్టె పెట్టి మూత తీసింది. లోపల పైభాగం నల్లగా మాడిన చిన్న కస్టర్డ్ టార్టులున్నాయి.

"లంచం కాదు, తినండి. మా ఇంట్లో చేసినవి. కొట్లో అమ్మితే నేరం కాబట్టి ఊరికే పంచిపెడుతున్నాను," అంది ఓడెట్. "నేను అజోర్స్ దీవుల్లో పుట్టాను ఎల్వీనా గారూ. నల్ల రాళ్ళ నేల, మా అమ్మ ఆవులు. ఇక్కడ మాత్రం హెస్టర్ బామ్మ మనవరాలినట. నా మొహం చూస్తే మీకేమైనా అలా అనిపిస్తోందా?"

ఎల్వీనా నవ్వింది. చాలా నెలల తర్వాత ఆ కొట్లో ఆమె నవ్వడం అదే మొదలు.

ఓడెట్ కోటు జేబులోంచి ఒక ఉత్తరం తీసింది. "కోర్టు అక్కర్లేదు, లాయరు గౌన్లు అక్కర్లేదు. ఇంతే ఉత్తరం. మాకా పుస్తకం ఇవ్వలేదు కాబట్టి ఒప్పందం రద్దు చేసుకుంటున్నాం అని రాసి పంపడం. ఒప్పందం పోతే టార్టులు అమ్మకూడదన్న షరతు కూడా దాంతో పోతుంది. సంతకం పెట్టిన రోజు నుంచి రెండేళ్ళ లోపల పంపాలి. ఐదుగురం పంపుతున్నాం. మీరు కూడా పెడితే ఆరుగురం."

"నేను ఆ హక్కు వదులుకున్నానండీ. రాసిచ్చాను."

"మేం మాత్రం రాసివ్వలేదా? ఆ కాగితం చెల్లదు. ఫ్రాంచైజీ తీసుకున్నవాడు ఈ చట్టంలో హక్కులు వదులుకుంటానని ఎంత ఇష్టంగా రాసిచ్చినా చెల్లదని ఆ చట్టంలోనే రాసుంది. వాడికీ తెలుసు."

"చెల్లదని తెలిసి ఎందుకు రాయించుకుంటాడు?"

"మీలాంటివాళ్ళ కోసం," అంది ఓడెట్.

ఎల్వీనా ఉత్తరం చేతిలోకి తీసుకుని చదివి, మళ్ళీ కౌంటర్ మీద పెట్టింది. "చట్టం దగ్గర చెల్లకపోవచ్చు. నేను కట్టుబడి ఉంటానన్నాను కదా."

"ఎవరితో అన్నారు? దేవుడితోనా, గ్లెన్ టారంట్‌తోనా? వాడు మీకిచ్చిన మాటల్లో ఎన్ని నిలబెట్టుకున్నాడో వేళ్ళు మడిచి చెప్పండి. ఒక వేలు మడిచినా నేను నోరు మూసుకుని పోతాను."

"అతని మాట అతనిష్టం. నా మాట నాది."

ఓడెట్ టార్టుల పెట్టె ఆమె వైపు జరిపింది. కోపమొచ్చింది కానీ తిట్టబుద్ధి కాలేదు. "మీ ఇష్టం తల్లీ. ఇంత మంచితనం నాకు దేవుడివ్వలేదు, అందుకు ఈ రోజు ఆయనకి దండం పెట్టుకుంటాను. ఉత్తరం ఇక్కడే ఉంచుతున్నాను. ఏప్రిల్ మూడు దాటనీయకండి."

ఆమె వెళ్ళాక ఎల్వీనా ఆ ఉత్తరాన్ని బిస్కెట్లు కోసే అచ్చులున్న సొరుగులో పెట్టింది. మాలన్‌కి చెబితే, "నీ పేరు, నీ మాట. నువ్వే తేల్చుకో ఎల్వీ," అన్నాడు. ఆమె తేల్చుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకి లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. అందరూ జారిపోతుంటే తనొక్కతే నిలబడిందన్న గర్వం. మనం మంచి అనుకుని చేసే పనిలో ఇలాంటిది ఇంత కలిసినా కనిపెట్టడం చాలా కష్టం.

మార్చిలో ఐదుగురికీ ఒప్పందాలు రద్దయ్యాయి. కంపెనీ కాస్త గొణిగి ఊరుకుంది, ఎందుకంటే కోర్టుకి వెళ్తే ఆ కాగితం నిలవదని వాళ్ళకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. కేంబ్రిడ్జ్‌లో హెస్టర్ బామ్మ బోర్డు దిగింది. ఓడెట్ పేరు ఎక్కింది. వెబర్స్‌మిల్‌లో మాపుల్ చెట్ల పాకం కాచే పొగలు లేచి, సద్దుమణిగాయి. ఏప్రిల్ మూడు వచ్చింది, వెళ్ళింది. ఆ రోజు ఎల్వీనా మామూలుగానే అట్టపెట్టెలు చింపింది.

ఏప్రిల్ పన్నెండున మాలన్ చెల్లెలి కూతురు ట్రూడీ కొట్లోకి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. పెళ్ళై ఏడాదయింది. ఎల్వీనా దగ్గరే పిండి కలపడం నేర్చుకుంది.

"అత్తా, నేనూ నీ దారే పట్టాను. కొత్త ప్లాజాలో గ్రానీ హెస్టర్స్. మొన్న గురువారమే సంతకం పెట్టేశాను," అంది.

ఆ ప్లాజా ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంది. తన కొట్టుకి అది ఇంకో దెబ్బ అని ఎల్వీనాకి తట్టనే లేదు. "ఏం కాగితాలిచ్చాడు? చూపించు," అంది.

ట్రూడీ సంచిలోంచి దొంతర తీసింది. పైన అదే విడి కాగితం. అక్షరం మారలేదు, తారీఖు ఒక్కటే మారింది.

"ఇది చదివావా?"

"చదివానత్తా. మొదట నాకూ భయమేసింది, హక్కులన్నీ ఎందుకు వదులుకోవాలా అని. అప్పుడు గ్లెన్ గారే అన్నారు. 'మీ అత్తయ్యని చూడమ్మా. మిగతా ఐదుగురూ మాట తప్పి పారిపోయారు. ఆవిడ మాత్రం రెండేళ్ళూ నిలబడింది. అడుగు కావాలంటే' అన్నారు. అడగడం ఎందుకులే అనుకున్నాను. నువ్వు పెట్టావంటే మంచిదే అయ్యుంటుంది కదా."

ఎల్వీనా ఆ విడి కాగితం తారీఖు మళ్ళీ చదివింది. ఇన్నాళ్ళూ తను నోరు మూసుకుని ఉన్నది తన కష్టం మాత్రమేననుకుంది. ఆ నోరు మూసుకున్నదాన్ని గ్లెన్ టారంట్ ఊళ్ళ వెంట పట్టుకు తిరిగి సరుకులా అమ్ముతున్నాడని ఆమెకి ఆ క్షణాన తెలిసింది.

ఇంటి వెనక చిన్న ఇంట్లో మామగారు ఈనస్ షాంట్స్ ఉంటారు. ఎనభై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళు సంఘానికి పెద్దగా ఉన్న మనిషి, ఆయన మాటకి ఊళ్ళో ఎదురుండదు. ఎల్వీనా వెళ్ళేసరికి వసారాలో కూర్చుని, ఇంట్లో తురిమితే కోడళ్ళు కేకలేస్తారని, బయటి గాలిలో పచ్చడికి ఘాటైన హార్స్‌రాడిష్ వేరు తురుముతున్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆమె తన కాగితం, ట్రూడీ కాగితం రెండూ ఆయన ఒళ్ళో పెట్టి, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. దాచుకున్న గర్వం సంగతి కూడా చెప్పింది.

ఈనస్ చేతులు తుడుచుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివారు.

"ఇది చెల్లదని వాడికి తెలుసంటావా?"

"తెలుసుట మామయ్యా. ఓడెట్ చెప్పింది."

"అయితే వాడు నీ దగ్గర కాగితం కోసం రాలేదు. కాగితంతో పని జరగదని వాడికి తెలుసు. నీ మాట కోసం వచ్చాడు. చట్టం నిన్ను కట్టిపడేయనంటోంది కాబట్టి నీ మంచితనం చేతే నిన్ను కట్టించాడు." ఆయన కాగితాలు మడిచి ఆమెకిచ్చారు. "మాట నిలబెట్టుకోవాలని నీకు నేర్పింది మేం. ఎలాంటి మాట ఇవ్వకూడదో నేర్పలేదు. అందులో తప్పు నాది కూడా అమ్మాయ్."

"నా హక్కే కదా అనుకున్నాను."

"కొనెస్టోగో నది మీద వంతెనకి కటకటాలు కట్టారు కదా. నేను పడను, నా వైపు తీసేయండి అని నువ్వు రాసిచ్చావనుకో. నీ వైపు అంటూ వేరే ఉందా? తీసేసిన చోట నీ వెనక వచ్చే పిల్ల పడుతుంది. నీ పొలం నువ్వు వదులుకో, నీ కోటు విప్పి ఇచ్చెయ్, ఎవరూ అడగరు. ఈ హక్కు వదులుకోవడానికి వీల్లేదని చట్టం చేసినవాళ్ళు ఊరికే చేయలేదు. ఒకళ్ళు వదులుకుంటే చాలు, రేపటి నుంచి వాడు అందరినీ వదులుకోమంటాడు. 'ఆవిడ వదులుకుంది, నీకేం?' అంటాడు. అన్నాడా లేదా?"

"అన్నాడు మామయ్యా."

"నీది కానిదాన్ని ఇస్తానన్నావు. అలాంటి మాట నిలబెట్టుకోవడం నిజాయితీ కాదు. వెళ్ళి ఆ ఉత్తరం పంపు."

ఎల్వీనా సొరుగులోంచి ఉత్తరం తీసి, దాని వెనక ఓడెట్ రాసిపెట్టిన నంబరు చూసి, కిచెనర్‌లో ఉన్న లాయరమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ తారీఖు అడిగింది. ఎల్వీనా చెప్పింది.

"తొమ్మిది రోజులు దాటిపోయిందండీ," అంది లాయరమ్మ. "మీరు హక్కు వదులుకున్న కాగితం చెల్లదు, అది నిజమే. కానీ ఉత్తరం పంపడానికి చట్టం పెట్టిన గడువు మాత్రం చెల్లుతుంది. ఆ దారి మూసుకుపోయింది."

"ఇంకేదీ లేదా?"

"ఉంది. మీకు జరిగిన నష్టానికి దావా వేయొచ్చు. కొన్నేళ్ళు పడుతుంది."

"మావాళ్ళు కోర్టుకెళ్ళరండీ."

"అందుకేనండీ, ఆ ఉత్తరం మీకోసమే పుట్టిందా అన్నట్టుండేది. కోర్టు గుమ్మం తొక్కక్కర్లేకుండా బయటపడే దారి అదొక్కటే. ఒక్కసారి ముందుగా ఫోన్ చేసి ఉంటే..." అని ఆవిడ అక్కడితో ఆపేసింది.

ఎల్వీనా ఏడ్చింది. తన చేతి టార్టులమ్మే సొంత కొట్టు ఇక ఉండదని ఏడ్చింది, చేతులారా పోగొట్టుకున్నానని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని ట్రూడీ ఇంటికి వెళ్ళింది.

"నీకింకా రెండేళ్ళుంది. కానీ రెండు రోజులు కూడా ఆగొద్దు. ఇదిగో ఉత్తరం, పేరు మార్చి పంపించు," అంది.

ట్రూడీ తల అడ్డంగా ఊపింది. "చేతులు కలిపానత్తా. నువ్వు నిలబెట్టుకున్న మాట నేను తప్పితే సంఘంలో ఏమంటారు? ట్రూడీ వాళ్ళ అత్తలాంటిది కాదంటారు. నీ అంత కాకపోయినా నేనూ ఓర్చుకోగలను."

ఎంత బతిమాలినా వినలేదు. పెద్దాయన చెప్పారన్నా, "తాతయ్య నీ మీద జాలితో అని ఉంటారు" అంది. తను నేర్పిన పాఠం అంత గట్టిగా నాటుకుందని ఎల్వీనాకి తెలిసింది. దాన్ని పీకేయాలంటే చెవిలో చెబితే చాలదు.

ఆదివారం ప్రసంగం అయ్యాక, ఎవరికైనా చెప్పుకోవలసింది ఉంటే లేచి చెప్పుకునే సమయం ఒకటి ఉంటుంది. మామూలుగా ఎవరి మోకాలి ఆపరేషన్ గురించో, ఎవరింట పుట్టిన బిడ్డ గురించో చెబుతారు. ఎల్వీనా లేచింది. ఇరవై ఏళ్ళలో ఆ సమయంలో ఆమె లేచి నిలబడటం అదే మొదటిసారి.

"నన్ను మాట మీద నిలబడే మనిషినని మీరందరూ అనుకుంటున్నారు. అది విని నేను పొంగిపోయాను కూడా," అంది. "నేను ఇవ్వకూడని మాట ఇచ్చాను. అది తప్పు. ఇవ్వకూడదని తెలిశాక కూడా మంచిదాన్ననిపించుకోవాలని నిలబెట్టుకున్నాను. అది ఇంకా పెద్ద తప్పు. దానివల్ల నా చేతి టార్టులు అమ్ముకునే దారి పోయింది, పోనీండి. నన్ను చూసి నా మేనకోడలు అదే కాగితం మీద సంతకం పెట్టింది. మీలో ఎవరైనా ఆ పిల్లని 'మాట తప్పావు' అంటే, ఆ మాట ముందు నన్ననండి. నేను తప్పాల్సినప్పుడు తప్పలేదు."

ముందు వరసలో ఈనస్ లేచి, కర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చి కోడలి పక్కన నిలబడ్డారు. ట్రూడీ తల ఎత్తలేదు. సోమవారం పొద్దున్న పోస్టాఫీసు తెరవగానే రిజిస్టరు చేసి ఉత్తరం పంపింది.

ఆ మధ్యాహ్నమే పెద్దాయన పేరు చెప్పి గ్లెన్ టారంట్ బేరం పెట్టుకున్న ఇంకో రెండిళ్ళవాళ్ళు అతనికి రావద్దని కబురు పంపారు. సాయంకాలానికి అతను ఎల్వీనాకి ఫోన్ చేశాడు. కొట్లో ఆమె ఒక్కతే ఉంది. పదేళ్ళ ఒప్పందం, ఇంకా ఎనిమిదేళ్ళు నడవాలి. లేదా వదిలేసి, రెండేళ్ళు ఒక్క టార్టు కూడా అమ్మకుండా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ఏ కోడిగుడ్ల షెడ్డులోనో ఆమెకి పని దొరుకుతుందేమో అని మాలన్ వాకబు చేస్తున్నాడు.

"మిమ్మల్ని మాట మీద నిలబడే మనిషనుకున్నాను ఎల్వీనా గారూ," అన్నాడు గ్లెన్. బాధపడుతున్నట్టే అన్నాడు. "వాళ్ళ సంగతి మీకెందుకు? మీ హక్కు మీరు ఇష్టపడే కదా వదులుకున్నారు."

"నేనూ అలాగే అనుకున్నానండీ," అంది ఎల్వీనా. ఈసారి ఆమె చెవులు ఎర్రబడలేదు. "అది నాదే అయితే నష్టం నాతోనే ఆగిపోయేది. ట్రూడీ దాకా వచ్చింది. అంటే అది నాది కాదు, అందరిదీ. దాన్ని వదులుకునే హక్కు నాకెప్పుడూ లేదు, వదులుకోమని అడిగే హక్కు మీకూ లేదు."